మోటారు పెట్టండి, తొక్కుడు తీయకండి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారములు. కరెంటు కోతల వల్ల దర్జీలు, ఇళ్లలో కుట్టుపని చేసుకునే ఆడవాళ్లు పడుతున్న అవస్థ గురించి మీ పత్రిక జిల్లా పేజీలో ఇటీవల వచ్చిన వార్త చదివాను. అందులో రాసినదంతా నిజమే. అయితే ఆ అవస్థలో సగం మనం చేతులారా తెచ్చుకున్నదనీ, పాత తొక్కుడు మిషన్లకు మోటారు బిగించే పద్ధతిలోనే అసలు పొరపాటు జరుగుతున్నదనీ చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఐటీఐలో ఫిట్టరు ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా అమ్మ మిషను తొక్కి మమ్మల్ని ముగ్గురినీ చదివించింది. ఆ మిషను ఇప్పటికీ మా ఇంట్లో పనిచేస్తూనే ఉంది. గత ఆరేడేళ్లుగా తెలిసినవాళ్ల పాత మిషన్లను బాగుచేసి, కావలసినవారికి మోటార్లు, బ్యాటరీలు అమర్చి ఇస్తున్నాను కనుక నాకు తెలిసిన నాలుగు మాటలు మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మా శ్రీకాకుళం జిల్లావాళ్లు 2018 అక్టోబరును మరచిపోలేరు. ఆ నెల 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. దసరాకు అప్పటికి సరిగ్గా వారమే ఉంది. దర్జీకి దసరా, సంక్రాంతి రెండే పంటలు. కత్తిరించి మూటలు కట్టిన గుడ్డలు అలమరాల నిండా ఉన్న సమయంలో స్తంభాలు వరసగా పడిపోయాయి. చాలా ఊళ్లలో వారం దాటినా కరెంటు రాలేదు. మా వీధి చివర ఆరు టైలరింగ్ కొట్లు ఉండేవి. అయిదింట్లో మిషన్లన్నీ మోటారువి. ఆరో కొట్లో ఉన్న పెద్దాయన మాత్రం మోటారు పెట్టించుకోలేదు. వీధి వైపు తలుపు తీసిపెట్టి, ఆ వెలుతురులో పొద్దు గుంకేదాకా తొక్కుతూనే ఉండేవాడు. మూడో రోజు సాయంత్రం పక్క కొట్టు కుర్రవాడు వచ్చి, "మావయ్యా, రాత్రిపూట నీ మిషను ఖాళీయే కదా, ఓ నాలుగు జాకెట్లు కుట్టుకుంటాను" అని అడగడం నేను అక్కడే ఉండి విన్నాను. ఆ కుర్రవాడి మిషను కూడా ఒకప్పుడు తొక్కుడు మిషనే. మోటారు బిగించిన రోజున కింది స్టాండు, పెద్ద చక్రం, తోలు బెల్టు అన్నీ పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్మేశాడు.

ఇది అతనొక్కడి తప్పు కాదు. మోటారు పెట్టేవారు సాధారణంగా చేసే పనే ఇది. మిషను తలను, అంటే సూది ఉండే పైభాగాన్ని, స్టాండు మీద నుంచి తీసి చెక్క బల్ల మీదికో, పెట్టెలోకో మారుస్తారు. స్టాండు మిగిలిపోతుంది, చోటు ఆక్రమిస్తుంది, కొన్నాళ్లకు తుక్కు బండి ఎక్కుతుంది. ఈమధ్య పట్నాల్లో హోటళ్లవాళ్లు ఆ స్టాండ్ల మీద రాతిపలక వేసి భోజనపు బల్లలుగా వాడుతున్నారు. చూడ్డానికి అందంగానే ఉంటాయి. కానీ ఆ బల్ల కింద ఇంకా తిరుగుతున్న చక్రాన్ని చూసినప్పుడల్లా అది ఎవరింటి జీవనాధారమో అని నా మనసు చివుక్కుమంటుంది.

ఆ చక్రం విలువ తెలియాలంటే అది చేసే పని చూడాలి. తొక్కుడు పలక మీద పాదం ఒకసారి ముందుకూ వెనక్కూ ఆడితే కింది పెద్ద చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పైన ఉన్న చేతి చక్రం దానికంటే చాలా చిన్నది కనుక అదే సమయంలో నాలుగు చుట్ల వరకూ తిరుగుతుంది, అంటే సూది నాలుగు కుట్లు వేస్తుంది. అలవాటున్న మనిషి ఆయాసం లేకుండా నిమిషానికి నాలుగైదు వందల కుట్లు వేయగలదు. కాలు ఆపితే సూది ఆగుతుంది, మెడ మలుపు దగ్గర ఒక్కొక్క కుట్టే కావాలంటే ఒక్కొక్క కుట్టే పడుతుంది. మామూలు ఇంటి మోటారు బిగిస్తే వేగం దాదాపు రెట్టింపవుతుంది, నిజమే. కానీ నెమ్మదిగా, బలంగా కుట్టవలసిన చోట, ఉదాహరణకు ప్యాంటు నడుంపట్టీ దగ్గర నాలుగు పొరలు కలిసినప్పుడు, ఆ చిన్న మోటారు మూలుగుతుంది తప్ప కదలదు. అప్పుడు కుడిచేత్తో చక్రం తిప్పి సాయం పట్టవలసి వస్తుంది.

మా అమ్మ మిషను సింగర్ కంపెనీవారి 15 తరగతి నమూనాది. తల మీద చెక్కిన సంఖ్య ముందు ఇంగ్లీషు వై (Y) అక్షరం ఉంటుంది. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో తయారైనది. ఆ కర్మాగారం 1980లోనే మూతపడింది. అయినా దాని బాబిన్ గానీ, బాబిన్ కేసు గానీ, సూది గానీ ఈరోజు శ్రీకాకుళం బజారులో ఏ చిన్న కొట్లో అడిగినా దొరుకుతుంది, ఎందుకంటే మన దేశంలో తయారైన ఇంటి మిషన్లలో ఎక్కువ భాగం ఆ 15 తరగతి నమూనా మీదే వచ్చాయి. 1930లలో కలకత్తాలో జే ఇంజనీరింగ్ వర్క్స్ మొదలుపెట్టిన ఉషా మిషన్లు, ఆ తరువాత లూధియానాలో వెలిసిన పదుల కొద్దీ కర్మాగారాల మిషన్లు, వాటి విడిభాగాలు మన ఊళ్లకు చేరాయి. నూరేళ్ల కిందటి యంత్రానికి పక్క వీధిలో విడిభాగం దొరకడం ఎంత అరుదైన సంగతో, వర్క్‌షాపులో జీవితం గడిపినవాడిగా నాకు తెలుసు. అలాంటి మిషనును పాతబడిందని పారేయడం కంటే తెలివితక్కువ పని లేదు.

ఇక మోటారు సంగతి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, నడుము నొప్పితో బాధపడేవారికి, రోజుకు ఎనిమిది గంటలు కుట్టి బతికేవారికి మోటారు కావలసిందే. మా అమ్మ అరవై దాటాక ఆమె మిషనుకు మోటారు పెట్టింది నేనే. కానీ తొందరపడి చేసిన ఆ పనిలో నేను పడిన దెబ్బలు ఇంకొకరు పడకూడదని ఈ వివరం రాస్తున్నాను. కొత్త మిషన్లకు తల వెనుక కుడివైపు మోటారు బిగించడానికి మరచుట్లున్న రంధ్రంతో చిన్న ఇనుప మెట్టు ఉంటుంది. మరీ పాత తలలు కొన్నింటికి అది ఉండదు. మా అమ్మ మిషనుకూ లేదు. కొట్టువాడు పంపిన మెకానిక్ తలకే రంధ్రం వేస్తానని డ్రిల్లు పెట్టాడు. తల పోత ఇనుము. పోత ఇనుము బరువు మోస్తుంది గానీ దెబ్బను ఓర్చుకోదు. రంధ్రం సగం దిగేసరికి అంచు నుంచి వెంట్రుకంత బీట కనిపించింది. ఆపించాను. బీట పాకకుండా దాని కొసన సన్నటి రంధ్రం పెట్టి, మోటారును తలకు కాకుండా బల్ల పలక కింద రెండంగుళాల ఇనుప యాంగిల్‌కు బిగించాను. అప్పటి నుంచి ఎవరి పాత మిషను నా దగ్గరికి వచ్చినా తలను ముట్టుకోను. చెక్క పలకకు రంధ్రం వేస్తే రేపు ఇంకో పలక వేసుకోవచ్చు.

బెల్టు విషయంలో చేసుకోవలసిన మార్పు చాలా చిన్నది. చేతి చక్రానికి ఉన్న గాడి ఒక్కటే కనుక మోటారు బెల్టు వేస్తే తోలు బెల్టుకు చోటు ఉండదని అంటారు. లేతు మిషను ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా అదే చక్రం పక్కన ఇంకో గాడి ఉన్న కప్పీని లేతు మీద చేయించి జతచేయవచ్చు. అప్పుడు ఒక గాడిలో తోలు బెల్టు, ఇంకో గాడిలో మోటారు బెల్టు ఉంటాయి. కరెంటు ఉన్నప్పుడు తోలు బెల్టును కింది పెద్ద చక్రం మీద నుంచి పక్కకు జార్చి ఉంచాలి. అందుకోసమే ఆ చక్రం పక్కన బెల్టు తప్పించే చిన్న కొక్కెం చాలా స్టాండ్లకు మొదటి నుంచీ ఉంది. కరెంటు పోగానే మోటారు బెల్టు విప్పి తోలు బెల్టు ఎక్కించుకుంటే నిమిషంలో పని మళ్లీ మొదలవుతుంది. వానాకాలంలో తోలు సాగి బెల్టు జారుతుంటే కొండి ఊడదీసి అర అంగుళం కోసి మళ్లీ కలపాలి. ఈ సంగతి మన అమ్మమ్మలకు తెలుసు. ఈ తరంలో చాలామంది బెల్టు జారగానే మిషను పాడైందనుకుంటున్నారు.

మోటారు బిగించే ముందు ప్రతివారూ చేయవలసిన పరీక్ష ఒకటుంది. బెల్టు తీసేసి, దారం తీసేసి, చేతి చక్రాన్ని ఒక్క చూపుడువేలితో తిప్పి చూడండి. ఆ వేలికి లొంగి తిరగకపోతే మోటారు ఎంత పెద్దదైనా వ్యర్థమే, కాలేది మోటారే. ఇలా బిగుసుకుపోవడానికి నేను చూసినంతలో ముఖ్య కారణం కొబ్బరినూనె. ఇంట్లో మిషను నూనె లేదని తలకు రాసుకునే నూనె నాలుగు చుక్కలు వేస్తారు. అది ఏడాదికల్లా లక్కలా గట్టిపడి పట్టేస్తుంది. కిరోసిను పోసి, ఒక పూట నానబెట్టి, మెల్లగా కదిలించి, నల్లటి మడ్డి అంతా కారిపోయాక మిషను నూనె వేస్తే చాలావరకు తలలు మళ్లీ పాటపాడినట్టు తిరుగుతాయి. కిరోసిను ఆరేదాకా మాత్రం దగ్గర దీపం గానీ మోటారు గానీ ఉండకూడదు.

బజారులో దొరికే ఇంటి మోటారు కార్బన్ బ్రష్షులు ఉన్న యూనివర్సల్ మోటారు. 230 వోల్టుల మీద పనిచేస్తుంది. దానికి నేలమీద పెట్టే కాలి రెగ్యులేటరు ఉంటుంది. పాతకాలపు రెగ్యులేటర్లు కరెంటును నిరోధించి వేగం తగ్గించేవే కనుక, నెమ్మదిగా కుట్టేకొద్దీ మిగిలిన శక్తి వేడిగా మారుతుంది. దాని మీద గుడ్డల మూట పడి మీట నొక్కుకుపోతే మంటలు లేచే ప్రమాదం ఉంది. నేను కొన్న మొదటి మోటారు రెండు నెలల్లో కాయిల్ కాలిపోయింది. వైరు రెండు తీగలదే, ఎర్తు లేదు. ఇనుప స్టాండు, ఇనుప తల, వట్టి కాళ్లతో సిమెంటు గచ్చు మీద కూర్చున్న మనిషి. ఎక్కడో ఒకచోట వైరు తోలు ఊడి తలకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. 230 వోల్టుల మోటారు వాడేవారు మూడు తీగల వైరు వేయించి, మిషను తలకు, స్టాండుకు ఎర్తు కలపడం మరువవద్దు.

ఈ భయం వల్లనే నేను బ్యాటరీ మీద నడిచే తక్కువ వోల్టుల డీసీ మోటారు వైపు మళ్లాను. ఇప్పుడు మా అమ్మ మిషనుకు ఉన్నది 12 వోల్టులు, 100 వాట్లు, నిమిషానికి 3,000 చుట్లు తిరిగే శాశ్వత అయస్కాంతపు మోటారు. దాని కప్పీ చిన్నది, చేతి చక్రపు గాడి దానికి మూడున్నర రెట్లు పెద్దది. కనుక సూది వేగం నిమిషానికి సుమారు 850 కుట్లకు మించదు. పాత తలకు అంతకంటే ఎక్కువ అవసరమూ లేదు, మంచిదీ కాదు. వేగాన్ని మార్చేది చిన్న ఎలక్ట్రానిక్ నియంత్రణ పలక. అది కరెంటును సెకనుకు వేలసార్లు ఇచ్చి ఆపుతూ వేగం మారుస్తుంది కాబట్టి తక్కువ వేగంలోనూ మోటారు బలం చెడదు, నాలుగు పొరల నడుంపట్టీ దగ్గర చేత్తో సాయం పట్టవలసిన పని ఉండదు. మోటారు తిరగేసి తిరుగుతుంటే రెండు తీగలు అటుదిటు మార్చితే చాలు. చేతి చక్రం పైభాగం ఎప్పుడూ కుట్టేవారి వైపే రావాలి, లేకపోతే దారం చిక్కుపడి తెగుతుంది.

బ్యాటరీ 12.8 వోల్టులు, 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. లెక్కకు 256 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్), భద్రంగా వాడుకోగలిగేది సుమారు 200. సూది ఆడుతున్నప్పుడు మోటారు సగటున 60 వాట్లు తీసుకుంటుందనుకుంటే, సూది ఆగకుండా ఆడినా మూడు గంటలకు పైగా వస్తుంది. ఏ దర్జీ మిషను అయినా రోజంతా ఆగకుండా తిరగదు. కత్తిరింపు, గుర్తులు పెట్టడం, మడతలు, విప్పి సరిచేయడం, వచ్చినవారితో మాట్లాడడం పోగా సూది నిజంగా ఆడేది రోజులో మూడోవంతు కూడా ఉండదు. కనుక ఆ చిన్న బ్యాటరీ ఒక రోజు పనికి సరిపోతుంది. మేడ మీద 100 వాట్ల సౌర పలక ఒకటి పెట్టాను. మబ్బులేని రోజున మన ప్రాంతపు ఎండకు అది 400 వాట్ అవర్లకు అటూఇటూగా ఇస్తుంది, అంటే బ్యాటరీని నింపి పైన ఒక దీపానికీ సరిపోతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. బ్యాటరీ ధన ధ్రువం నుంచి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. 12 వోల్టులు మనిషిని కొట్టవు గానీ, తీగలు కలిసిపోతే ఆ బ్యాటరీ ఇల్లు కాల్చగలదు. మోటారు, నియంత్రణ పలక, బ్యాటరీ, సౌర పలక, ఇనుప యాంగిల్, లేతు పని అన్నీ కలిపి నాకు పద్నాలుగు వేల రూపాయల చిల్లర అయింది.

సౌరశక్తి వల్ల కరెంటు బిల్లు తగ్గుతుందని ఆశపడేవారికి ముందే చెప్పాలి. తగ్గేది ఏమీ ఉండదు. ఇంటి కుట్టు మోటారు రోజంతా వాడినా అర యూనిట్ కాలదు. సౌర పలక పెట్టుకోవలసింది పని ఆగకుండా ఉండడానికి. ఇస్త్రీ పెట్టె మాత్రం ఈ బ్యాటరీ మీద నడవదు. అది వెయ్యి వాట్ల వరకూ అడుగుతుంది. తుపాను రోజుల్లో మా వీధి పెద్దాయన అటక మీద నుంచి బొగ్గుల ఇస్త్రీ పెట్టె దించాడు.

కాళ్లు పనిచేయని వారికి ఈ పాత మిషన్లలో ఇంకో సదుపాయం ఉంది. దాన్ని మనం దాదాపు మరచిపోయాం. చేతి చక్రానికి పక్కన పిడితో తిప్పే చేతి తిప్పుడు అమరిక మోటారు బిగించే మెట్టుకే సరిపోతుంది, ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. పోలియో వల్ల కాళ్లు చచ్చుబడిన ఒక అమ్మాయికి మొదట అది పెట్టి ఇచ్చాను. కుడిచేయి తిప్పడానికే పోతే గుడ్డను ఎడమచేత్తో ఒక్కదానితో నడపాలి, అది కష్టం. తరువాత డీసీ మోటారు పెట్టి, కాలి రెగ్యులేటరు బదులు మోచేతితో నొక్కే మీట బల్ల అంచున అమర్చాను. ఇప్పుడామె చీరలకు ఫాల్స్ కుట్టి ఇస్తోంది. కరెంటు, బ్యాటరీ రెండూ లేని రోజున చేతి పిడి మళ్లీ పనికివస్తుంది కనుక దాన్ని తీసేయవద్దని తనే పట్టుబట్టింది.

1924లో గాంధీజీ యంత్రాల మీద తనకున్న అభ్యంతరాలు చెబుతూ సింగర్ కుట్టు మిషనును మినహాయించారు. మనిషిని పక్కకు నెట్టకుండా మనిషి శ్రమను తగ్గించే సాధనం కనుక అది ఆయనకు నచ్చింది. మోటారు పెట్టినంత మాత్రాన ఆ గుణం పోదని నా నమ్మకం. కరెంటు స్తంభం పడిపోగానే మనిషి చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చినప్పుడే పోతుంది.

అందుచేత ప్రభుత్వాన్ని, అధికారులను మీ పత్రిక ద్వారా కోరేది ఇది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తులలో దర్జీ పని ఉంది. శిక్షణతో పాటు పరికరాల కోసం 15,000 రూపాయల వరకు సాయం ఇస్తున్నారు. ఆ సొమ్ముతో కొత్త మిషను కొనుక్కోవడమే కాకుండా, ఉన్న పాత మిషనుకు డీసీ మోటారు, బ్యాటరీ, సౌర పలక అమర్చుకోవడానికి కూడా వీలు కల్పించాలి. వికేంద్రీకృత పునరుత్పాదక శక్తితో, అంటే ఎక్కడికక్కడే తయారయ్యే సౌరశక్తి వంటివాటితో, జీవనోపాధి పనులు నడపడానికి కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2022 ఫిబ్రవరిలోనే ఒక విధాన చట్రం ప్రకటించింది. పొరుగున కర్ణాటకలో సెల్కో సంస్థ సౌరశక్తితో నడిచే కుట్టు మిషన్లను పల్లెలకు చేర్చింది. అంటే ఇది నేను కొత్తగా కనిపెట్టినదేమీ కాదు, జరుగుతున్న పనే. మన మహిళా సంఘాలకు ఇచ్చే మిషన్లు మోటారువైనా సరే, వాటితో పాటు తొక్కుడు స్టాండు, రెండు గాడుల చేతి చక్రం ఇవ్వాలని టెండరు నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చితే చాలు. కింది చక్రం, తొక్కుడు పలక పోత ఇనుమువి, వందేళ్లు మన్నేవి. ఐటీఐలలో ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, కుట్టుపని ట్రేడులు ఒకే ఆవరణలో ఉంటున్నా, నేను పనిచేసినంత కాలం ఆ మూడు తరగతుల పిల్లలు కలిసి ఒక్క పాత మిషనును బాగుచేసిన సందర్భం చూడలేదు. బాగుచేయించని వాళ్లలో నేనూ ఒకణ్ణి కనుక బాధతోనే రాస్తున్నాను. ఏడాదికి ఒక వారం ఆ పనికి కేటాయిస్తే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిషన్లు వాటంతటవే వస్తాయి.

మా ఊరి తుక్కు కొట్లో గత నెల రెండు తొక్కుడు స్టాండ్లు కనిపించాయి. ఒకదాని తొక్కుడు పలక విరిగింది గానీ చక్రం సరిగ్గానే తిరుగుతోంది, రెండోది పూర్తిగా బాగుంది. కిలోల లెక్కన రెండూ తీసుకుని ఇంటికి తెచ్చాను. విరిగిన పలకకు ఇనుప పట్టీ వేసి బిగించాను, చక్రాల ఇరుసులకు నూనె పెట్టాను. రెండింటికీ కొత్త తోలు బెల్టులు కొని ఉంచాను. స్టాండు అమ్ముకున్న దర్జీలెవరైనా మా వైపు ఉంటే వచ్చి పట్టుకెళ్లవచ్చు, రొక్కం ఇవ్వనక్కర లేదు.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా